ఒకటో నంబరు ఖాళీ

కిందటి నెల మా షాపు గాజు తలుపు మార్పించాను. పాతది కింది మూలలో పగిలి, టేపు ముక్కల మీద రెండేళ్లు నెట్టుకొచ్చింది. కొత్తది బిగించినతను స్టిక్కర్లు చేతిలో పట్టుకుని, ఏది ఏ వైపు అతికించాలని అడిగాడు. బయటివైపు ‘పుల్’, లోపలివైపు ‘పుష్’ అన్నాను. అతికించి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక ముసలామె వచ్చి తలుపును రెండు చేతులతో లోపలికి తోస్తూ నిలబడింది. నేను లేవబోయి, పాత అలవాటు కొద్దీ తలుపు పక్కకు చూశాను. అక్కడ నిలబడి తలుపు తీసే మనిషి పోయి ఏడాది దాటింది.

మాది కర్నూలును ఆనుకుని పెరుగుతున్న కల్లూరులో జిరాక్సు షాపు. జిరాక్సు అని పేరే గానీ పెళ్లిపత్రికలు, పింఛను దరఖాస్తులు, హాల్‌టికెట్లు, ఆధార్‌లో తప్పుల దిద్దుబాటు, అన్నీ అక్కడే. తలుపు తీసే ఆ మనిషి మొదటిసారి వచ్చింది ఒక కాగితం టైపు చేయించుకోవడానికి. కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి దిగిపోయిన మనిషి. అక్కడ తలుపు దగ్గర స్టూలైనా ఉండేదట, మా షాపులో అది కూడా అడగలేదు. తలుపు పక్కనే నిలబడి, వచ్చేవాళ్లకు తీసి, పోయేవాళ్లకు వేసి, మధ్యమధ్యలో నాతో మాట్లాడేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. షాపు నాదా ఆయనదా అని కొత్తవాళ్లు తికమకపడేవారు. ఒకాయన పోతూ పోతూ ఆయన చేతిలో చిల్లర పెట్టబోయాడు కూడా.

ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో ఒక పెన్ను. ఆ పెన్ను ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కౌంటరు మీద నేను దారం కట్టి పెట్టిన పెన్నులు కూడా మాయమయ్యేవి. ఆయన పెన్ను మాత్రం నేనెరిగిన నాలుగేళ్లూ ఆ జేబులోనే ఉంది. దాంతో ఆయన చేసే ముఖ్యమైన పని సంతకం. అంత హంగు ఉన్న సంతకం నేను పెద్ద అధికారుల కాగితాల మీద కూడా చూడలేదు. మొదటి అక్షరాన్ని గుండ్రంగా తిప్పి, చివరి అక్షరం నుంచి ఒక గీతను వెనక్కు లాక్కొచ్చి, దాని కింద రెండు చుక్కలు పెట్టేవాడు. తెలుగు సంతకమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతాల పట్టీలో మిగిలిన అటెండర్లు వేలిముద్ర వేస్తుంటే తానొక్కడే సంతకం చేసేవాడినని నాకు పదిసార్లైనా చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ మెడ కొంచెం నిక్కేది.

ఆయన తెచ్చిన కాగితం మీద ఇంగ్లీషు మాటలున్నాయి. తెలుగు లిపిలో మాట, పక్కన అర్థం, దాని పక్కన ఒక మనిషి పేరు. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆయనకు వచ్చు, అయితే ఉద్యోగం దిగిపోయాక నేర్చుకున్నవి. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పలేదు. నేను పిల్లల బళ్ల కోసం ఇలాంటి జాబితాలు చాలా టైపు చేశాను. యాపిల్, బాల్, క్యాట్ అనే వరస నా వేళ్లకే తెలుసు. ఇందులో అవేవీ లేవు. ‘పుల్’ అని ఉంది, పక్కన ‘లాగు’ అని, ఆ పక్కన ‘సుంకమ్మ, కల్లూరు’ అని. ‘ఎంప్టీ స్టమక్’ అంటే ‘పరగడుపు’, ఎదురుగా మద్దమ్మ. ‘ఎక్స్‌టర్నల్ యూజ్’ అంటే ‘పైపూతకు మాత్రమే’, ఎదురుగా ఉస్సేనప్ప. ఈ పేర్లెందుకని అడిగాను. సాక్షులు అన్నాడు.

ఆయన పద్ధతి అది. పెద్దవాళ్లకు ఇంగ్లీషు మాటలు నేర్పాలి, కానీ ఏది పడితే అది కాదు. ఆ మాట తెలియక ఎవరో ఒకరు నలుగురిలో తలవంచుకుని ఉండాలి, లేదా నష్టపోయి ఉండాలి. ఆ మనిషి ఆ సంగతి తన నోటితో చెప్పాలి. చెప్పి, ఆయన దగ్గరున్న పొడుగాటి నోటుపుస్తకంలో ఆ మాట ఎదురుగా సంతకమో వేలిముద్రో పెట్టాలి. అప్పుడే దానికి నంబరు వస్తుంది. సాక్షి లేని మాటకు పుస్తకంలో చోటు లేదు.

అందరిలాగా యాపిల్‌తో మొదలుపెడితే ఏం పోయిందని ఒకసారి వేళాకోళం చేశాను.

"యాపిల్ అనే మాట తెల్క ఏడ్చినోళ్లను ఒక్కర్ని చూపిచ్చప్పా, పెట్టేస్తా" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. నేను కాసేపు ఆలోచించాను గానీ ఎవరూ గుర్తుకు రాలేదు.

సుంకమ్మ కథ జరిగింది మా షాపు దగ్గరే, ఆయన ఇంకా అక్కడికి రాకముందు. పింఛను కాగితాల కోసం మూడు రోజులు వచ్చి, తలుపు తోసి, అది రాకపోతే వెనక్కు పోయింది. షాపు మూసి ఉందని అనుకోలేదు. గాజులోంచి నేను కనబడుతూనే ఉన్నాను. తనను లోపలికి రానివ్వడం నాకు ఇష్టం లేదేమో అనుకుందట. ఆ ముక్క ఆయన ద్వారా తెలిసినప్పుడు నాకు ముఖం చెల్లలేదు. మద్దమ్మ స్కానింగుకు మూడుసార్లు సద్దన్నం తినే పోయింది. మూడోసారి కౌంటరు దగ్గర పిల్ల అందరి ముందరా అరిచింది. ఉస్సేనప్ప దురదకు ఇచ్చిన మందును రెండు రోజులు మూతతో కొలుచుకుని తాగాడు. బతికి బయటపడ్డాడు కాబట్టి ఆ కథను అతనే నవ్వుతూ చెబుతాడు. నూనె మిల్లులో వాచ్‌మన్‌గా ఉన్న బడేసాబ్ ఒక ఆసుపత్రిలో భార్యకు క్యారియరు తీసుకుపోయి, పనిచేయని లిఫ్టు ముందు అరగంట మీట నొక్కుతూ నిలబడ్డాడు. తలుపు మీద కాగితం అంటించే ఉంది. ‘అవుట్ ఆఫ్ ఆర్డర్’ ఆ విధంగా ఇరవై రెండో నంబరు అయింది.

ఈ సాక్షుల్ని ఆయన ఎక్కడెక్కడో పట్టేవాడు. బ్యాంకులో కూర్చునేవాడు, ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర నిలబడేవాడు, షేర్ ఆటోలో పక్కవాళ్లతో మాటలు కలిపేవాడు. ఎక్కువమందిని మాత్రం మా తలుపు దగ్గరే పట్టాడు. వచ్చినవాళ్లు తలుపు దగ్గర ఏం చేస్తారో చూసి, వాళ్ల వెంటే కౌంటరు దాకా నడిచొచ్చి, మెల్లగా కదిపేవాడు. ఏమమ్మా, యాడనుంచి వస్తాండావు, కాగితం ఎవరు చదివి చెప్పినారు అంటూ మొదలుపెట్టేవాడు. ఎవరికైనా తమ అవమానం చెప్పుకోవడం కష్టమే. ఆయనకు చెప్పేవాళ్లు. ఎందుకు చెప్పేవాళ్లో నాకు తెలియదు. నాకైతే ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున పది గంటలకు విత్తనాల గోదాము వసారాలో బడి పెట్టేవాడు. విత్తనాలు ఏరి ప్యాకెట్లు కట్టే ఆడవాళ్లు ఇరవై మంది దాకా వచ్చేవారు, అయిదారుగురు మగవాళ్లు దూరంగా గోడకానుకుని వినేవారు. రెండుసార్లు నేనూ పోయి చూశాను. ముందు మాట చెప్పేవాడు కాదు. ముందు సాక్షి లేచి కథ చెప్పాలి. మద్దమ్మ సద్దన్నంలో ఉల్లిగడ్డ నంజుకున్న దగ్గర్నుంచి చెప్పుకొచ్చేది. అందరూ నవ్వేవాళ్లు, మద్దమ్మ కూడా నవ్వేది. అప్పుడు ఆయన ఆ మాటను ఒక్కసారే పలికేవాడు. రెండోసారి చెప్పించాల్సిన పని ఉండేది కాదు. నేను చదువుకున్న డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు ఇలా చెప్పి ఉంటే నా మార్కులు ఇంకోలా ఉండేవని నాకిప్పటికీ అనుమానం.

నోటుపుస్తకం దగ్గర మాత్రం ఆయన మొండిమనిషి. ఒక ఆదివారం రాములమ్మ అనే ఆమె ‘నామినీ’ అనే మాటకు సాక్షి అయింది. భర్త పోయాక బ్యాంకులో ఆ ఒక్క గడి ఖాళీగా ఉన్నందుకు రెండేళ్లు తిరిగిన మనిషి. ఆమెకు సంతకం వచ్చు, పొదుపు సంఘంలో నేర్చుకుంది. కానీ నాలుగు అక్షరాలు రాయడానికి చాలాసేపు పడుతుంది, అందరూ చూస్తున్నారు, అందుకని బొటనవేలు చాపింది. ఆయన స్టాంపు ప్యాడు మూత వేసేశాడు.

"సంతకం వచ్చి వేలిముద్ర వేసేది అబద్ధం చెప్పినట్లేనమ్మా. వచ్చినోళ్లు సంతకం చేయల్ల, రానోళ్లే వేలు పెట్టల్ల" అన్నాడు.

రాములమ్మ సంతకం చేసేదాకా తరగతి మొత్తం కూర్చునే ఉంది. నాకు అది కొంచెం క్రూరంగా కనబడింది, ఆ మాట ఆయనతో అన్నాను కూడా. ఆయన జేబులో పెన్ను సర్దుకున్నాడు.

ఇప్పుడు ఫోను కెమెరా పెడితే ఏ బోర్డైనా తెలుగులో చదివి వినిపిస్తుంది కదా, ఇంత తతంగం దేనికని ఇంకోసారి అడిగాను. ఫోను జేబులోంచి తీసే లోపలే ఎదుటివాడు మన ముఖం చూసేస్తాడని అన్నాడు. ఆయన ఇంగ్లీషు నేర్పుతున్నది చదవడం కోసం కాదని, ఆ ముఖం కోసమని నాకు అప్పుడు అర్థమైంది. నీకేమైనా మాట ఉందా అని నన్నూ అడిగాడు. నేను బీఏ అనీ, నన్ను ఏ మాటా అవమానించలేదనీ చెప్పాను. అలాగైతే పుస్తకంలో నీకు చోటు లేదప్పా అన్నాడు, జాలిగా.

జాబితా జేబులో పట్టే చిన్న పుస్తకమైంది. మాటలు చేరుతున్న కొద్దీ నేను ఆరు నెలలకొకసారి కొత్తగా వేసి, మధ్యలో పిన్ను కొట్టి ఇచ్చేవాడిని. ప్రతిసారీ ఒకటే పేచీ. పుస్తకం రెండో నంబరుతో మొదలయ్యేది. మొదటి గీత మీద ‘1’ అనే అంకె ఉంటుంది, దాని ఎదురుగా ఏమీ ఉండదు. నాకు ఖాళీ గడి చూస్తే దురద. రెండును ఒకటి చేసేస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. ఒకటో నంబరు ఖాళీగా ఉండనీ అనేవాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, యంత్రాలన్నీ ఆగిపోయి, షాపులో మేమిద్దరమే మిగిలినప్పుడు గట్టిగా పట్టుకున్నాను. తలుపు కేసి తిరిగి నిలబడి చెప్పాడు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఆదోని అవతలి పల్లె నుంచి ఒకామె చంకలో బిడ్డతో ఆయన పనిచేసే కార్యాలయానికి వచ్చింది. ఆమె భర్త ఆ శాఖలోనే చిన్న పని చేస్తూ చనిపోయాడు. ఆ ఉద్యోగం భార్యకు ఇవ్వడానికి, కాగితాలు తీసుకుని రమ్మని ఇంటికి ఉత్తరం వచ్చింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. పల్లెలో చదివేవాళ్లు లేరు. లోపల అధికారులెవరూ సీట్లో లేరు. తలుపు దగ్గర స్టూలు మీద తెల్ల చొక్కా, జేబులో పెన్నుతో ఈయన కూర్చుని ఉన్నాడు. ఆమె ఉత్తరం ఈయన చేతిలో పెట్టి, ఏం రాసినారు సారూ అని అడిగింది. అటెండరును సారూ అని పిలిచేవాళ్లు తక్కువ.

"అంకెలు నాకు తెలుసప్పా. తేదీ చదివినా. దాని ముందర ఒక మాట ఉండాది, అది తెల్దు. ఆయమ్మ నా ముఖంలోకి చూస్తాండాది. తెల్దని చెప్పేదానికి నోరు రాలేదు. ఆ తేదీ దాటినాక రామ్మా అని చెప్పినా."

ఆ మాట ‘బిఫోర్’. ఆ తేదీకి ముందే రావాలని ఉత్తరంలో ఉంది. ఆమె ఈయన చెప్పినట్టే తేదీ దాటిన రెండో రోజు కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. గడువు అయిపోయిందని లోపల చెప్పారు. తరువాత ఎన్ని అర్జీలు పెట్టినా ఆ ఉద్యోగం రాలేదు. ఆ రోజు బయటికి వస్తూ ఆమె స్టూలు దగ్గర ఒక్క నిమిషం ఆగింది. ఈయన చేతిలో ఉన్న ఫైలు విప్పి చూస్తున్నట్టు నటించాడు. ఏమన్నా తిట్టి ఉంటే బాగుండేదని నాతో అన్నాడు.

ఒకటో నంబరు ఆ మాటది. సాక్షి ఆమె. కానీ ఆమె పేరు ఆయనకు తెలియదు. ఫైలు చూస్తే దొరికేది కదా అన్నాను. ఫైలు కూడా ఇంగ్లీషులోనే ఉందప్పా అన్నాడు. అక్షరాలు వచ్చేనాటికి ఆయన ఆ ఆఫీసులో లేడు.

ఆమెను వెతికి పట్టింది ఆయన కాదు, నేను. ఎవరికీ చెప్పవద్దని ఆయన అనలేదు, చెప్పమనీ అనలేదు. గోదాములో పనిచేసే ఉరుకుందమ్మది ఆదోని వైపే. ఆమె రేషన్ కార్డు పని మీద వచ్చినప్పుడు, అలాంటి మనిషి ఎవరైనా తెలుసా అని ఉత్తరం సంగతి వరకే చెప్పి అడిగాను. మంచి ఉద్దేశమే అని చెప్పుకోవచ్చు. నిజానికి ఆ ఖాళీ గడి నింపాలన్న పంతమే ఎక్కువ. రెండు వారాలకు ఉరుకుందమ్మ పేరూ ఊరూ మోసుకొచ్చింది. తన పుట్టింటికి మూడు ఊళ్ల అవతలే. ఆయనకు చెబితే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన తలుపు వదిలి, మొదటిసారి మా కుర్చీలో కూర్చున్నాడు.

వారం రోజుల తరువాత, పోదాం రమ్మని ఆయనే అన్నాడు. కోడుమూరు, ఎమ్మిగనూరు మీదుగా ఆదోని దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేయించాడు. సంచిలో నోటుపుస్తకం, స్టాంపు ప్యాడు, నేను వేసిన చిన్న పుస్తకాలు అయిదు. దారి పొడవునా కిటికీలోంచి కనబడే బోర్డులన్నీ పెదాలు కదుపుతూ చదువుకున్నాడు.

ఆమె ఇంటి ముందు నేల మీద కూర్చుని పత్తికాయలు ఒలుస్తోంది. యాభై దాటి ఉంటుంది, జుట్టు బాగా నెరిసింది. అప్పుడు చంకలో ఉన్న కొడుకు ఇప్పుడు పెళ్లామూ తానూ కలిసి సుగ్గికి పోయారట. అక్కడ పనుల్లేని నెలల్లో ఊరు వదిలి దూరం కూలికి పోవడాన్ని అలా అంటారు. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయారని పక్కింటావిడ చెప్పింది. ఆమె మాత్రం ఈయన ముఖం వైపే చూస్తోంది. నేను పరిచయం చేయబోతే అవసరం లేకపోయింది.

"తలుపుకాడ స్టూలు మీద కూచుంటాంటివి. నువ్వే కదప్పా?" అంది.

ఆయన నిలబడే చెప్పాడు. ఉత్తరం సంగతి, తనకు ఆ మాట రాని సంగతి, పుస్తకం సంగతి, ఒకటో నంబరు సంగతి, అన్నీ వరసగా, దాచకుండా. చివరికి నోటుపుస్తకం విప్పి ఆమె ముందు పెట్టి, నీ పేరు రాసుకుంటానమ్మా, వేలు పెట్టు అన్నాడు. అంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. పత్తి ఒక పక్కకు, డొల్లలు ఒక పక్కకు పడుతూనే ఉన్నాయి. ఆయన మాట అయిపోయాక చేతిలో కాయ కింద పెట్టింది.

"నాకు ఆ మాట తెల్దు. తెల్దు కాబట్టే కాగితం తెచ్చి నీ చేతిలో పెట్టినా. తెల్దని చెప్పుకునేదానికి నాకేం సిగ్గు లేకపాయె. తెల్కుండానే తెలిసినట్ల చెప్పినోనివి నువ్వు. సాక్షి నేనెట్లయితానప్పా?"

గొంతు పెంచలేదు. ఈ మాటలు ఆమె ఇరవై ఏళ్లుగా కూర్చుకుని పెట్టుకున్నట్టు కూడా లేదు. లెక్క తప్పుగా ఉంటే తప్పని చెప్పినట్టు చెప్పింది. ఆయన నోటుపుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. ఆమె లేచి ఇద్దరికీ నీళ్లు తెచ్చి ఇచ్చింది. మేం బయలుదేరుతుంటే, పుస్తకం ఒకటి ఇచ్చిపొమ్మంది. తెలిసినవాళ్ల దగ్గర చదివించుకుంటానంది.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చిన ముసలాయనకు ఒక వేలిముద్ర ఇస్తే ఏం పోయిందనుకున్నాను. ఎమ్మిగనూరు వచ్చేసరికి ఆ కోపం ఆయన మీదికి తిరిగింది. కోడుమూరు దాటాక నా మీద నాకే మిగిలింది, ఎందుకంటే ఖాళీ గడిని కెలికింది నేను. ఏదో ఒకటి అనాలని, పోనీ ఒకటో నంబరు దగ్గర నా పేరు పెట్టుకోమన్నాను. ఆయన నా వైపు తిరిగి, నీకు ఆ మాట తెల్దా అని అడిగాడు. తెలుసని ఒప్పుకోవలసి వచ్చింది. మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

తరువాత నాలుగు ఆదివారాలు బడి జరగలేదు. గోదాము ఆడవాళ్లు నన్ను వచ్చి అడిగేవారు, ఒంట్లో బాగాలేదేమో అనేవాడిని. తలుపు పక్కన ఎవరూ లేక, తోసేవాళ్లు తోస్తుంటే నేనే లేచి పోయి తీయవలసి వచ్చేది. అప్పుడు తెలిసింది, రోజుకు ఎంతమంది తోస్తారో. ఆయన లేకపోవడం నన్ను ఇంత ఇబ్బంది పెడుతుందని అనుకోలేదు.

అయిదో వారం ఒక పొద్దున వచ్చాడు. షాపు నిండా జనం, ఏదో పరీక్ష దరఖాస్తులకు చివరి రోజు. ఆయన పలకరించకుండా కౌంటరు మూలకు పోయి, స్టాంపు ప్యాడు ఒక్క నిమిషం ఇమ్మన్నాడు. తన ప్యాడు ఎండిపోయిందట. నాకు వీపు పెట్టి నిలబడి ఏదో ఒత్తుకున్నాడు. పింఛను కాగితమేమో అనుకుని నేను పట్టించుకోలేదు. వేలికి సిరా అంటితే గుడ్డకు తుడుచుకోవాలి గానీ గోడకు తుడవకూడదని మా షాపులో అందరినీ కసిరేది ఆయనే. ఆ రోజు మాత్రం వేలు గోడకు రాసేసి, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. నీలి మరక ఇప్పటికీ ఉంది.

మళ్లీ ఆదివారం నుంచి బడి మొదలైంది. రెండు నెలలు ఎప్పటిలాగే నడిపాడు, మా తలుపు దగ్గర కూడా ఎప్పటిలాగే నిలబడ్డాడు. ఆ ఊరి సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. డెబ్బై ఒకటో నంబరు దాకా మాటలు చేరాయి. ఒక పొద్దున స్నానం చేసి చొక్కా వేసుకుంటూ, గుండె ఆగి పోయాడు. మట్టి చేసేటప్పుడు నేనూ పోయాను. విత్తనాల గోదాము ఆడవాళ్లు పని మానేసి వచ్చారు. ఉస్సేనప్ప ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

పెద్దకర్మకు మూడు రోజుల ముందు ఆయన భార్య నోటుపుస్తకం పట్టుకుని షాపుకు వచ్చింది. కర్మకు వచ్చినవాళ్లకు పంచడానికి మాటల పుస్తకాలు నూరు వేయాలంది. ఆమెకు చదువు రాదు. తలుపు దగ్గర మాత్రం ఆగకుండా లాగి లోపలికి వచ్చింది. ఒకటో నంబరు ఖాళీగా ఉందని ఆయన దిగులు పడేవాడనీ, దానికి ఏమన్నా రాసిపెట్టాడేమో చూడమనీ అడిగింది. ఏమీ ఉండదని నాకు తెలుసు. ఆమె కోసం మొదటి పేజీ తిప్పాను.

ఖాళీగా లేదు. ఒకటో నంబరు ఎదురుగా ‘బిఫోర్’ అనీ, పక్కన ‘ముందు’ అనీ ఆయన చేతిరాత. సాక్షి అన్నచోట ఆయన సొంత పేరు, ఇంటిపేరుతో సహా, దాని కింద ‘అటెండరు’ అని. ఆ పేరు నేను ఇక్కడ రాయడం లేదు. ఎక్కడ పెట్టాలో ఆయన పెట్టుకున్నాడు, అక్కడ చాలు. సంతకం ఉండవలసిన చోట నీలి సిరాతో వేలిముద్ర ఉంది.

ఆమె పేజీ మీదికి వంగి చూసి, ఎవరి వేలని అడిగింది. ఆయనదేనని చెప్పాను.

"ఆయనకు సంతకం వస్తాది కదప్పా?" అంది.

వస్తుందమ్మా అన్నాను. ఆ పేజీ తీసి, వేలిముద్ర గీతలు చెరిగిపోకుండా చూసుకుంటూ, యంత్రం మీద బోర్లించాను.